ఒకే ఇన్వర్టర్ మీద రెండు మిషన్లు

ఆ కబురు మొదట మాకు తెచ్చింది పాలు పోసే ఆవిడ. ధర్మవరంలో మా వీధికి ఏ వార్త వచ్చినా ఆమె క్యాను వెంటే వస్తుంది. ఆమె భర్త కరెంటు స్తంభాలు నాటే కాంట్రాక్టరు దగ్గర కూలికి పోతాడు. అందుకని ఈ సంగతి వీధిలో అందరికంటే ముందు ఆమెకు తెలిసింది.

"అక్కా, సోమారం నించీ మన లైనంతా మారుస్తాండారంట. రెండు నెల్లు పడుతుందంట. ఎప్పుడు తీస్తారో ఎప్పుడిస్తారో చెప్పలేరంట. లోపల అవ్వకు మిషను ఉండాది కదా, చూసుకోండి," అంది గిన్నెలో పాలు పోస్తూ.

"అవ్వ ఎవరే? నీకంటే నాలుగేండ్లు పెద్ద, అంతే," అని లోపలి మంచం మీంచి మా అత్త కేకేసింది.

"నాలుగా, నలభయ్యా?"

"నీళ్ళు కలిపేదానికి లెక్కలు బాగా వచ్చునే!"

పాలావిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాట విసరడానికి అత్త ఎంత ఊపిరి ఖర్చు పెట్టిందో, తరువాత ఎంతసేపు ఆయాసపడిందో పక్కన కూర్చున్న నాకు తెలుసు. ఆ కబురు మోసుకొచ్చిన ఆమెకు నేను ఈ రోజుకూ రుణపడి ఉన్నాను. మూడు రోజుల ముందు తెలియడం వల్ల ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోయించాను, చిన్న ఆక్సిజన్ సిలిండరు ఒకటి నింపించి మూలన పెట్టుకున్నాను.

అత్త అంటే మా నాయన చెల్లెలు. పెళ్ళయి హిందూపురం పోయి, అక్కడ పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే షెడ్డులో ఏళ్ళ తరబడి పని చేసింది. ఆవిరి, కట్టెల పొగ, గూళ్ళ కుళ్ళు వాసన, అన్నీ ఆమె ఊపిరితిత్తుల్లోకి పోయి కూర్చున్నాయి. మామ చనిపోయాక, పిల్లలు లేని ఆమెను నాయన ధర్మవరం తీసుకొచ్చాడు. అప్పుడు నాకు ఏడేళ్ళు. బడిలో రెండుసార్లు మూర్ఛ వచ్చి పడిపోయానని ఆ ఏడే నన్ను బడి మాన్పించారు. నాలుగైదేళ్ళకు మూర్ఛ తగ్గింది గానీ మళ్ళీ నన్ను బడికి పంపాలని ఎవరికీ తోచలేదు. నేనూ అడగలేదు. అక్షరాలు, ఎక్కాలు, అమ్మవారి స్తోత్రాలు, ఉత్తరం రాయడం, గ్రాఫు గీయడం, అన్నీ నాకు అత్తే నేర్పింది.

గ్రాఫు అంటే చీర డిజైను. నాయన పని అదే. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు. ఒక్కో అడ్డవరుసకు ఒక్కో అట్ట. రంధ్రాలు గుద్దిన ఆ అట్టల దండ మగ్గం నెత్తిన తిరుగుతూ ఏ పోగు లేవాలో, ఏ పోగు ఆగాలో చెబుతుంది. మగ్గం మీద నేత కింది నుంచి పైకి పెరుగుతుంది కాబట్టి గ్రాఫును కూడా అడుగు వరుస నుంచే చదవాలి. అడుగు వరుస మొదటి అట్ట, దాని పైది రెండోది. అత్త నా చూపుడు వేలు పట్టుకుని కాగితం అడుగున ఆనించేది. "ఈడ మొదలు. పైన మొదలుపెడితే నెమలి తలకిందులుగా నడుస్తాది," అనేది. వేలు పైకి పాకిస్తూ నేను అంకెలు చెబుతుంటే ఆమె పక్కన అట్టలు గుద్దేది. నేను చదవడం నేర్చుకున్నది అలా. మిగతా పుస్తకాలు ఆ తరువాత వచ్చాయి.

నాయన పోయాక పని నా చేతికొచ్చింది. కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది. కొన్నేళ్ళకు కొనేవాళ్ళు అడిగే తీరు కూడా మారింది. డిజైను బొమ్మ చూపిస్తే చాలదు, ఆ చీర కట్టుకుంటే కుచ్చిళ్ళు ఎలా పడతాయి, కొంగు భుజం మీద ఎలా నిలుస్తుంది, జరీ ఎక్కడ మెరుస్తుంది, అన్నీ తెర మీద చూపించాలి. అది చూసి ఒప్పుకున్నాకే అట్టలు గుద్దేది, మగ్గం ఎక్కేది. ఆ బొమ్మ తయారు కావాలంటే కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు అనేది ఉండాలి. హిందూపురంలో ఒక షాపాయన బెంగళూరు నుంచి పాత కార్డులు తెచ్చి అమ్ముతాడు. అక్కడ కొన్నాను. రెండు ఫ్యాన్లు, ఇటుకంత బరువు. పని మాత్రం నమ్మకంగా చేసింది. ఒక్కో చీర బొమ్మకు అరగంట పట్టేది. నా బొమ్మ ఆగితే మా పక్క వీధిలో రెండు మగ్గాలు ఆగుతాయి. ఆ మగ్గాలు నేసే పెద్దాయన మా నాయన కాలం నుంచి మా డిజైన్ల మీదే బతుకుతున్నాడు.

లైను పని మొదలైంది. రోజుకు మూడు నాలుగు సార్లు కరెంటు పోయేది. ఒకసారి గంట, ఒకసారి గంటన్నర. మాది చిన్న ఇన్వర్టర్. అత్త ఆక్సిజన్ మిషను, ఒక ఫ్యాను, ఒక లైటు, కంప్యూటర్, ఇన్ని మోయగలదు. అయితే కార్డు చీర బొమ్మ గీయడం మొదలుపెట్టగానే కంప్యూటర్ రెండింతలు కరెంటు లాగేది. అప్పుడు ఇన్వర్టర్ కీచుకీచుమని అరిచేది. అలా కాసేపు అరిచి, భారం తగ్గకపోతే మొత్తం ఆపేసేది. కరెంటు ఉన్నప్పుడే బొమ్మ మొదలుపెట్టేదాన్ని. సగంలో కరెంటు పోయేది. సగంలో ఆపితే మళ్ళీ మొదటి నుంచి గీయాలి.

మొదటి వారం నాకు ఒక విషయం వింతగా తోచింది. ఇన్వర్టర్ అరుస్తుంది, నేను కంగారుగా లేవబోతాను, అంతలో అరుపు దానంతట అదే ఆగిపోతుంది. అమ్మవారి దయ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. దీపం దగ్గర కూర్చుని కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, మంచినీళ్ళ కోసం లేచి లోపలికి వెళ్ళాను. కరెంటు లేదు. నా కంప్యూటర్ నడుస్తోంది. అత్త ముక్కులో పైపు ఉంది. కళ్ళు మూసుకుని జపమాల తిప్పుతోంది. కానీ గదిలో ఏదో తక్కువగా అనిపించింది. ఆ మిషను ఎప్పుడూ చేసే గుర్రుగుర్రు చప్పుడు లేదు.

"అత్తా, మిషను ఆగిపోయింది!"

"ఆగలేదు. నేనే ఆపినా."

"ఎందుకు?"

"చప్పుడు ఎక్కువైతాంది. జపం కుదరల్యా."

ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే, వేలికి పెట్టే చిన్న మిషను తీసి పెట్టి చూశాను. తొంభైకి పైన ఉండాల్సింది ఎనభై మూడు చూపించింది. ఆమె గోళ్ళు నేరేడు పండు రంగులోకి తిరిగాయి. మిషను ఆన్ చేయగానే నా గదిలోని కంప్యూటర్ భారం తోడై ఇన్వర్టర్ కీచుమంది. అప్పుడు నాకు అర్థమైంది. పరిగెత్తి కంప్యూటర్ ఆపేశాను.

"ఎన్ని రోజుల నుంచి ఆపుతాండావు?"

ఆమె పూసలు తిప్పుతూనే ఉంది.

"అత్తా, నిన్నే."

"మొదటి రోజు నించీ," అంది చివరికి. "అరుస్తానే ఆపుతా. నీ పని అయినాక ఏస్తా. అరగంటకు నేనేం చచ్చిపోను లే."

ఆ తల్లి దయ అనుకున్నది ఇదన్నమాట.

ఇక పని మానేస్తానన్నాను. ఈ రెండు నెలలు డిజైన్లు ఒప్పుకోనన్నాను. ఆమె చాలా ప్రశాంతంగా చెప్పింది. "ఆ రెండు మగ్గాలూ నిలబెడతావా? పెండ్లిండ్ల కాలంలో మగ్గం నిలబడితే ఆ ఇంట్లో పొయ్యి ఎట్ల వెలుగుతాది? మీ నాయన ఉంటే నిలబెట్టేవాడా? నువ్వు పని మానేస్తే నేను పైపు పీకేస్తా. సూడు మళ్ళ."

ఆమె అన్నంత పనీ చేస్తుంది. మాట మీద నిలబడే మనిషి. అది అందరూ మెచ్చుకునే గుణమే గానీ ఆ రోజు నాకు భయం వేసింది. ఆక్సిజన్ మిషను స్విచ్చి ఆమె మంచం పక్కనే ఉంది. అక్కడి నుంచి మార్చే వీలు లేదు. మార్చినా పైపు ఆమె ముక్కులోనే కదా ఉండేది.

మరునాడు పక్కింటావిడను కూర్చోబెట్టి హిందూపురం రైలెక్కాను. కార్డు అమ్మిన షాపాయన నేను చెప్పింది విని తల గోక్కున్నాడు.

"నేను అమ్మేటోణ్ణమ్మా. పెద్ద ఇన్వర్టర్ కొనమని చెప్తా, లేదంటే చిన్న కార్డు కొనమని చెప్తా. నాకు అంతే తెలుసు. చిన్న కార్డుతో నీ బొమ్మ మూడు గంటలు పడతాది. అయితే ఒకాయన ఉండాడు, పెనుకొండలో. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని. సెలవు రోజు ఈ కార్డులు చూస్తాడు. ఇదే కార్డును తక్కువ కరెంటుతో నడిపిస్తాడంట. పో, సూడు." నెంబరు రాసిచ్చి, టీ తాగి వెళ్ళమన్నాడు. తన వ్యాపారం పోయే మాట చెప్పి పంపిన మనిషి. ఆయన మేలు మరువను.

తిరుగు రైలు పెనుకొండలో ఆగినప్పుడు దిగాను. ఆయన ఇల్లు కోట వైపు పోయే సందులో ఉంది. ముప్పై ఐదేళ్ళు ఉంటాయేమో. నమాజుకు పోయి అప్పుడే వచ్చినట్టున్నాడు, టోపీ ఇంకా తల మీదే ఉంది. వాళ్ళమ్మ నన్ను చాప మీద కూర్చోబెట్టి, ధర్మవరం నుంచి వచ్చానని తెలిసి ముందు చీరల సంగతి అడిగి, తరువాత వచ్చిన పనేమిటని అడిగింది. అత్త తన మిషను ఆపుకుంటోందని చెప్పగానే ఆవిడ కొడుకు వైపు చూసింది.

"ఏంరా, చేస్తావా చెయ్యవా?"

"చేస్తా లేమ్మా, కూచోనీ."

ఆయన తన కంప్యూటర్ మీద చూపిస్తూ చెప్పాడు. "అక్కా, ఈ కార్డు తయారుచేసినోడు ఏం చేస్తాడంటే, లక్ష కార్డుల్లో మొద్దు కార్డు కూడా నడవాల కదా అని, అన్నిటికీ ఎక్కువ వోల్టేజీ రాసి పంపిస్తాడు. నీ కార్డు మంచిదయితే దానికంత అక్కర్లే. వేగం ఒక రవ్వ తగ్గించి, వోల్టేజీ బాగా తగ్గిస్తే, కరెంటు సగం లాగుతాది. బొమ్మ అరగంటకు బదులు ముప్పై ఐదు నిమిషాలైతాది. అంతే తేడా."

"దానికి ఏదో సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చని విన్నానే?"

"ఏసుకోవచ్చు. అది పైపైన చెప్పిన మాట. కంప్యూటర్ ఆగి మళ్ళీ లేస్తే మర్చిపోతాది, మొదటి మాదిరి కరెంటు లాగుతాది. మీ ఇంట్లో కరెంటు రోజుకు నాలుగుసార్లు పోతాంది. ఒకసారి నువ్వు మర్చిపోతే ఆ అమ్మ మళ్ళీ స్విచ్చి నొక్కుతాది. కార్డు లోపల ఒక చిన్న చిప్పు ఉంటాది. దాంట్లోనే రాసేయాల. అప్పుడు అది పుట్టుకతోనే తక్కువ తిండి తినేదైతాది."

ఆ చిప్పులో రాసి ఉండేదాన్ని ఫర్మ్‌వేర్ అంటారని ఆయనే చెప్పాడు. ముందు ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఒక ఫైలుగా దించుకోవాలి. దాన్ని రెండు చోట్ల దాచాలి. దాని నకలులో మాత్రమే అంకెలు మార్చి, మళ్ళీ చిప్పులోకి ఎక్కించాలి. ఎక్కుతున్నప్పుడు కరెంటు పోకూడదు.

"మీరే చేసివ్వకూడదా అన్నా?"

"చేసిస్తా. రేపు ఏదన్నా తేడా వస్తే మళ్ళీ ఆ అమ్మను ఒదిలిపెట్టి రైలెక్కి వస్తావా? నీ చేత్తో చెయ్. వేల గళ్ళు లెక్కపెట్టే దానివి, ఎనిమిది అంకెలు మార్చలేవా?"

ఒక పెన్‌డ్రైవులో కావలసినవి ఎక్కించి ఇచ్చాడు. ఒక తెల్లకాగితం మీద ఎనిమిది అంకెలు ఒకదాని కింద ఒకటి రాసిచ్చాడు. కార్డుకు ఎనిమిది మెట్లు ఉంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు మొదటి మెట్టు, పూర్తి పని చేసేటప్పుడు ఎనిమిదో మెట్టు. ఒక్కో మెట్టుకు ఒక్కో వోల్టేజీ. డబ్బు ఇవ్వబోతే వాళ్ళమ్మ నా చెయ్యి వెనక్కి నెట్టింది. "మా వానికి దుడ్లు ఫ్యాక్టరీ ఇస్తాది. నువ్వు పోయి మీ అత్తను సూసుకో పో."

మరునాడు పొద్దున కరెంటు ఉండగా పని మొదలుపెట్టాను. దీపం వెలిగించి, కంప్యూటర్‌కు ఒక నమస్కారం పెట్టి, కాగితం పక్కన పెట్టుకున్నాను. పాత ఫైలు దించి రెండు చోట్ల దాచాను. తెర మీద ఎనిమిది గళ్ళు నిలువుగా కనిపించాయి. కాగితం మీద వేలు ఆనించి ఒక్కో అంకె చదువుతూ, ఒక్కో గడిలో కొట్టాను. చిప్పులోకి ఎక్కించాను. రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు కరెంటు నిలబడింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ లేపాను. తెర వచ్చింది. నేను చేసిన పని నన్నే ఆశ్చర్యపరిచింది. అత్త దగ్గరికి పోయి చెప్పాను.

"అయిపోయింది అత్తా. ఇంక నువ్వు ఆపే పని లేదు. అరుపు వినపడదు."

"నిజంగానా?"

"అమ్మవారి సాక్షి."

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. పూర్తి పని పెట్టి పరీక్షించలేదు. పెనుకొండ ఆయన నాలుగుసార్లు చెప్పాడు, బొమ్మ మొత్తం గీయించి చూడమని. తెర వచ్చింది కదా అని నేను వదిలేశాను.

పదకొండు గంటలప్పుడు కరెంటు పోయింది. మగ్గం పెద్దాయన కోసం ఒక చీర బొమ్మ మొదలుపెట్టాను. పది క్షణాలైనా గడవలేదు, తెర నల్లబడిపోయింది. కార్డు ఫ్యాన్లు గాలివాన మాదిరి హోరుమన్నాయి. మీట నొక్కాను, వైరు పీకాను, మళ్ళీ లేపి బొమ్మ పెట్టాను, మళ్ళీ నల్లబడింది. కార్డు చచ్చిపోయిందనుకున్నాను. మగ్గాల సంగతి, మాట ఇచ్చిన సంగతి, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఎంతసేపు అలా పెనుగులాడానో తెలియదు. ముప్పావుగంట అయి ఉంటుంది.

లోపల అత్తకు ఆ ఫ్యాన్ల హోరు వినిపించింది. ఆ హోరు ఆమె ఎప్పుడూ వినలేదు. ఇన్వర్టర్ ఈసారి అరవకుండానే పోతోందేమో, నా పని పోతోందేమో అనుకుంది. స్విచ్చి నొక్కింది. నా పని అయ్యాక వేసుకుందామని ఎదురుచూసింది. నా పని అవ్వలేదు.

నేను వెళ్ళేసరికి ఆమె తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. పెదాలు నల్లగా ఉన్నాయి. పిలిస్తే కళ్ళు తెరిచింది గానీ నన్ను చూడలేదు. మిషను వేశాను, చాలలేదు. మూలనున్న సిలిండరు లాగి పెట్టాను. పక్కింటావిడ ఆటో పిలిచింది. పుట్టపర్తి ఆసుపత్రి దాకా నేను అమ్మవారిని ఏమీ అడగలేకపోయాను. అడిగే ముఖం లేదు నాకు.

రెండు రోజులు అక్కడ ఉంచారు. ఆమె తేరుకుంది. ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఇట్లా పడిపోయిన ప్రతిసారీ గుండె మీద కొంత భారం పడుతుంది. ఆ పోయినది తిరిగి రాదు. ఇంక పడనివ్వకండి." ఆమె కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

ఇంటికొచ్చాక పెనుకొండ ఆయనకు ఫోను చేశాను. కార్డు పోయిందన్నాను. బొమ్మ పెట్టకుండా ఊరికే లేపి, తెర మీది గళ్ళను ఫోటో తీసి పంపమన్నాడు. పంపాను. అత్త వినాలని అడిగితే ఫోను పెద్దగా పెట్టి మంచం మీద ఉంచాను. ఫోటో చూసి ఆయన పక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నాడు.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. అంతా తలకిందులు రాసినావే! ఖాళీగా కూచున్నప్పుడు ఎక్కువ తిండి, బరువు మోసేటప్పుడు పస్తు. ఇట్లయితే ఏ ఎద్దు మాత్రం నిలబడతాది? కార్డుకేం కాలేదు. పడుకుంది, అంతే."

"అన్నా, మీరు రాసిచ్చినట్టే రాసినానే."

"నేను పైనుంచి కిందికి రాసినా కదా. నువ్వు యాడ నించి చదివినావు?"

నా చూపుడు వేలు కాగితం అడుగున ఎలా ఆనిందో నాకు కనిపించింది. అడుగు వరుస చదివి మొదటి గడిలో, దాని పైది చదివి రెండో గడిలో. అట్టలు గుద్దేటప్పుడు చేసినట్టే. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నట్టే.

"కింద నించి చదివింది," అంది అత్త. ఫోను వైపు వంగి, ఆగి ఆగి చెప్పింది. "మా ఇంట్లో అట్లే చదువుతారు నాయనా. దానికి నేర్పించింది నేనే."

అవతల నుంచి ఆయన మెల్లగా అన్నాడు. "బాగా నేర్పించినావు పెద్దమ్మా. నేను మెట్లకు నెంబర్లు ఎయ్యకపోవడం నాది తప్పు."

"నీది కాదు, నాది కాదు. అది పరీక్ష సూడకుండా పరిగెత్తింది సూడు, దానిది తప్పు," అని నన్ను చూసి నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది.

ఆ రోజు రెండోసారి రాశాను. ఈసారి అత్త మంచం పక్కనే పీట వేసుకుని, కాగితం ఆమె చేతికిచ్చాను. కంప్యూటర్‌ను ఆ గదిలోకే మార్చాను. ఆమె పైనుంచి చదివింది, నేను కొట్టాను. ఒక్కో అంకె రెండుసార్లు చెప్పించుకున్నాను. చిప్పులోకి ఎక్కించాక, కరెంటు ఉండగానే చీర బొమ్మ పూర్తిగా గీయించాను. ముప్పై ఆరు నిమిషాలు. తెర నిలబడింది. మళ్ళీ ఇంకో చీర. అదీ నిలబడింది. ప్లగ్గు దగ్గర పెట్టిన చిన్న మీటరులో కంప్యూటర్ మొత్తం లాగే కరెంటు మునుపటి కంటే ఎనభై వాట్లకు పైగా తగ్గింది. ఎనభై వాట్లంటే ఒక ఫ్యాను తిరిగే కరెంటు. మా అత్త ఊపిరికి అడ్డం పడింది అంత మాత్రమే.

సాయంత్రం నాలుగింటికి కరెంటు పోయింది. మిషను గుర్రుగుర్రుమంటోంది. బొమ్మ గీస్తోంది. ఇద్దరం ఇన్వర్టర్ వైపే చూస్తున్నాం. అత్త చెయ్యి తనకు తెలియకుండానే స్విచ్చి మీదికి పోయింది. ఆ చెయ్యి పట్టుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఇన్వర్టర్ నోరు విప్పలేదు.

"అరవల్యా," అంది ఆమె నమ్మలేనట్టు.

"అరవదు."

"ఇంక నేను ఊరికే పడుకోవచ్చా?"

"పడుకో అత్తా."

ఆమె పడుకోలేదు. తెర మీద చీర ఒక్కో గీతగా తేలుతుంటే చూస్తూ కూర్చుంది. కొంగులో నెమళ్ళు. అవి నిటారుగానే నడుస్తున్నాయని మెచ్చుకుంది.

లైను పని అయిపోయింది. కొత్త తీగల మీద కరెంటు సరిగ్గానే వస్తోంది. రెండు మగ్గాలూ ఆ కాలమంతా ఒక్క రోజు కూడా ఆగలేదు. మగ్గం పెద్దాయన ఒకనాడు పూలూ పండ్లూ పట్టుకుని వచ్చి అత్త కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పాలావిడ ఎవరికి చెప్పాలో అందరికీ చెప్పేసి ఉంటుంది. ఆయన ఆ పూలూ పండ్లూ ఆమె చేతిలో పెట్టి లేచి వెళ్ళాడు.

అత్త ఎనిమిది నెలలు బతికింది. మళ్ళీ ఎప్పుడూ పడిపోలేదు. పోయిన రోజు పొద్దున కూడా మిషను నడుస్తూనే ఉంది, కరెంటు ఉంది, నేను పక్కనే ఉన్నాను. గుండె అలసిపోయిందన్నారు. నొప్పి లేకుండా పోయింది. దానికి నేను అమ్మవారికి చేతులెత్తి మొక్కుతాను. పెనుకొండ నుంచి ఆ తల్లీకొడుకులు వచ్చారు. ఆయన పాడె మోసినవాళ్ళతో భుజం కలిపాడు.

అయినా డాక్టరమ్మ మాట నాతోనే ఉంది. ఆ పోయినది తిరిగి రాదు. నాకు తెలియకుండా ఆపుకున్న ఆ ఎనిమిది తొమ్మిది రోజులు, నేను నల్లబడిన తెరతో పెనుగులాడిన ఆ ముప్పావుగంట, అవి ఆమె నుంచి ఎన్ని రోజులు తీసుకున్నాయో నేను లెక్క వేయలేను. కార్డు లోపల రాసినదాన్ని నేను మార్చగలిగాను. ఆ రోజులను మార్చలేను. ఇది ఎవరిమీదా నింద వేయడానికి రాయలేదు. మేలు చేసినవాళ్ళు ఇంతమంది ఉండగా నాకు నిందలతో పని లేదు.

ఆ కాలంలో ధర్మవరంలో నేసిన పెళ్ళి చీర ఒకటి మీ ఇంటి పెట్టెలో ఉండవచ్చు. అది మా రెండు మగ్గాల మీదిది అయినా కాకపోయినా పర్వాలేదు. దాన్ని తీసి కట్టుకునే రోజున, మీరు ఏ దేవుడిని మొక్కేవాళ్ళయినా సరే, మొక్కు చెప్పుకున్నాక ఒక్క క్షణం మా అత్తను తలుచుకోండి. పేరు అక్కర్లేదు. ఆ చీర పని ఆగకూడదని తన ఊపిరి ఆపుకున్న మనిషి అని అనుకుంటే చాలు.